మూడు వాక్యాల కాగితం

మూడంటే మూడు వాక్యాలు రాయలేక బ్రదర్ శౌరయ్య నాలుగు రోజులుగా కొట్టుమిట్టాడుతున్నాడు.

అవి అతను కొత్తగా కల్పించాల్సిన వాక్యాలు కూడా కావు. కతోలిక గురువు కాబోయేవాడు ముందు డీకను పట్టం పుచ్చుకోవాలి. ఆ మెట్టు ఎక్కాక పెళ్ళి లేదు, వెనక్కి దిగడం లేదు. అందుకని తిరుసభ, అంటే కతోలిక చర్చి, అతని చేత సొంత దస్తూరీతో ఒక కాగితం రాయించుకుంటుంది. ఎవరి బలవంతమూ లేకుండా నా స్వేచ్ఛతో ఈ పట్టం అడుగుతున్నాను. దీని బరువు నాకు తెలుసు. జీవితాంతం దేవుని సేవలో ఉంటాను. అంతే. కింద సంతకం. టైపు చేసి ఇస్తే చెల్లదు.

కాగితం శనివారం పొద్దున బిషప్పుగారి చేతిలో ఉండాలి. ఇవాళ బుధవారం.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఈ స్వేచ్ఛ అనే విషయంలో సెమినరీ మొత్తం మీద శౌరయ్యని మించినవాడు లేడు. మనిషి మంచివైపు తిరిగేది దేవుడు తిప్పితేనా, తనంతట తానేనా? దేవుడే తిప్పితే మనిషి గొప్పేముంది, తిరగనివాడి తప్పేముంది? మనిషే తిరగగలిగితే ఇక దేవుడు ఊరికే ఇచ్చే వరప్రసాదం ఎందుకు? దీని మీద అరవై పేజీల వ్యాసం రాసి మెప్పు పొందాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట రోములో రెండు సన్యాస సభల గురువులు ఇదే ప్రశ్న మీద ఏళ్ళ తరబడి కలబడ్డారు. చివరికి పోపుగారు ఎవరిది తప్పో తేల్చకుండానే, ఒకరినొకరు మతద్రోహులని తిట్టుకోవడం ఆపండని చెప్పి ఇళ్ళకు పంపించేశారు. ఆ రెండు వర్గాలకీ సెమినరీ కుర్రాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. దేవుడే లాగుతాడనేవాళ్ళు 'లాగేవాళ్ళు', మనిషి నడిచి రావాలనేవాళ్ళు 'నడిచేవాళ్ళు'. శౌరయ్య పొద్దున లాగేవాళ్ళ పక్షాన గెలిచి, భోంచేసి వచ్చి, మధ్యాహ్నం నడిచేవాళ్ళ పక్షాన కూడా గెలవగలడు.

అంతటివాడికి కాగితం ముందు చెయ్యి ఆడటం లేదు.

కారణం వాళ్ళమ్మ. పోయిన నెలలో మేనకోడలు గుడిలో మొదటిసారి సత్ప్రసాదం పుచ్చుకున్న విందుకి ఇంటికి వెళ్ళాడు. విస్తళ్ళ ముందు పిన్నమ్మలూ పెద్దమ్మలూ కూర్చుని ఉండగా వాళ్ళమ్మ తెరేజమ్మ సంతోషం పట్టలేక, ఎన్నాళ్ళుగానో దాచిన మాట బయటపెట్టేసింది. పదకొండో నెలలో పిల్లాడికి మూర్ఛలొచ్చి కళ్ళు తేలేశాడట. ఆవిడ వాణ్ణి గుడికి ఎత్తుకుపోయి పీఠం మెట్టు మీద పడుకోబెట్టిందట. "బతికించావంటే వీడు నీవాడు, ఫాదర్ని చేసి నీకిస్తా" అని మొక్కుకుందట. పిన్నమ్మలందరూ కళ్ళు తుడుచుకున్నారు. శౌరయ్య మాత్రం విస్తరి మడిచి లేచిపోయాడు.

పద్నాలుగేళ్ళప్పుడు ఒకరోజు పూజ మధ్యలో గుండె నిండిపోయి, నేను గురువునవుతానని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ రోజు అతని బతుకులో అన్నిటికన్నా పెద్ద రోజు. ఇప్పుడు చూస్తే అంతకు పదమూడేళ్ళ ముందే ఎవరో రాసిపెట్టేశారు. మరి ఆ గుండె నిండింది ఎవరి వల్ల? దేవుడా, అమ్మా, తనా? తనే అయితే మొక్కు ఇంత పొందిగ్గా ఎలా చెల్లుతోంది? తను కాకపోతే స్వేచ్ఛ అని ఏ మొహంతో రాయడం?

బుధవారం మధ్యాహ్నం ఎలాగో ఒక చిత్తుప్రతి తయారుచేసి రాయప్ప స్వామి దగ్గరికి పట్టుకుపోయాడు.

రాయప్ప స్వామి పల్నాడు మెరకలో జొన్నలపాలెం విచారణకు, అంటే ఆ చుట్టుపక్కల పల్లెల కతోలికులందరికీ, గురువు. డెబ్బై దాటిన మనిషి. పట్టానికి ముందు ఆరు నెలలు అనుభవం కోసమని శౌరయ్యని ఆయన దగ్గరికి పంపారు. ఈ ఆరు నెలల్లో ఆయన వేదాంతం గురించి ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. పెరట్లో చింతచెట్టు కాపు గురించి మాట్లాడేవాడు, కప్పు కురుస్తోందని మాట్లాడేవాడు. మంచివాడే గాని చదువు పాతబడిందని శౌరయ్య మనసులో అనుకునేవాడు.

అప్పుడాయన వసారాలో గోనెపట్టా పరుచుకుని చింతపండు ఒలుస్తున్నాడు. చేతులు జిగురుగా ఉండటంతో కాగితాన్ని ముట్టుకోకుండా మెడ చాచి చదివాడు.

"ఇదేందయ్యా, కింద ఈ చిన్నక్షరాలు?"

"వివరణలు స్వామీ. స్వేచ్ఛ అనే మాటని లాగేవాళ్ళు ఒక అర్థంలో వాడతారు, నడిచేవాళ్ళు ఇంకో అర్థంలో వాడతారు. నేను ఏ అర్థంలో రాశానో తర్వాత ఎవరికీ సందేహం రాకుండా..."

"ఎన్నున్నాయి?"

"పదకొండు."

"మూడు వాక్యాలకా?"

శౌరయ్య తల దించుకున్నాడు.

"పెళ్ళికొడుకు ఇట్టా పదకొండు వివరణలు చదివి తాళి కడతానంటే, పిల్ల తండ్రి ఒప్పుకుంటాడంటావా?"

శౌరయ్యకి కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. గోనెపట్టా అంచున కూలబడి మొక్కు సంగతంతా చెప్పేశాడు. బిషప్పుగారిని ఒక ఏడాది గడువు అడుగుతానన్నాడు. ఈ ఏడాదిలో ఇంకొంచెం చదివితే, తన ఇష్టం ఎక్కడ మొదలైందో, వరప్రసాదం ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించగలనన్నాడు.

రాయప్ప స్వామి అడ్డు రాకుండా విన్నాడు. వింటూనే గుప్పెడు గింజలు పక్కకు తీసి పోశాడు.

"శుక్రవారం మీ అమ్మని రమ్మను," అన్నాడు.

"ఎందుకు స్వామీ? ఆమెని ఏమన్నా అంటారా?"

"చింతపండు చాలా ఉంది. ఒలిచే మనిషి కావాలి."

తెరేజమ్మ శుక్రవారం పదింటి బస్సుకి దిగింది. ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. చేతిలో జంతికల డబ్బా, సంచిలో కొలతల టేపు. పట్టానికి కొడుకు వేసుకునే తెల్లంగీ తానే కుట్టాలని ఆవిడ పట్టుదల. వచ్చీ రాగానే కొడుకు భుజం కొలవబోయింది. "తర్వాత చూద్దాంలే అమ్మా," అని శౌరయ్య పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. గోనెపట్టా మీద స్వామి ఎదురుగా కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చింతపండు ఒలవడం మొదలుపెట్టింది.

కాసేపు జంతికలు బాగున్నాయన్న మాటలు నడిచాయి. తర్వాత రాయప్ప స్వామి మామూలుగా అడిగాడు.

"తెరేజమ్మా, ఏందో మొక్కుకున్నావంట గదా."

ఆవిడ అంతా చెప్పింది. విందులో చెప్పినంత ఉత్సాహంగానే మొదలుపెట్టింది గాని, చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది.

"మొక్కుకున్నాక ఎట్టా ఉండేది?" అన్నాడాయన.

ఈ మాట ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చేతులు ఆగిపోయాయి.

"భయంగా ఉండేది సామీ. ఇరవయ్యారేళ్ళ నుంచీ భయమే. వీడికి జలుబు చేసినా గుండె జారిపోయేది. ఇంకా అప్పజెప్పలేదే అని దేవుడు అడుగుతన్నాడేమో అనుకునేదాన్ని. వీడు పదోక్లాసులో ఫాదర్నవుతా అన్నప్పుడు నేను ఏడిస్తే అందరూ సంతోషమనుకున్నారు. సంతోషం కాదు సామీ. హమ్మయ్య, బతికాడురా అనుకుని ఏడ్చా. ఈ పట్టం అయిపోతే చాలు. ఆ రోజు నిద్రపోతా."

శౌరయ్య గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. ఇన్నాళ్ళూ తన స్వేచ్ఛ గురించే ఆలోచించాడు గాని, అమ్మకి నిద్ర లేదన్న సంగతి అతనికి తెలియదు. సిగ్గుతో అతని మొహం ఎర్రబడింది.

రాయప్ప స్వామి లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి, పాపసంకీర్తనాలు, అంటే జనం ఒప్పుకునే పాపాలు, వినేటప్పుడు మెడలో వేసుకునే ఊదారంగు పట్టీ వేసుకొచ్చాడు. వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"తెరేజమ్మా, ఆ మొక్కు నుంచి నిన్ను విడిపిస్తన్నా."

ఆవిడకి అర్థం కాలేదు. "విడిపించడమేంది సామీ? మొక్కు మొక్కే గదా."

"తిరుసభ ఆ పని నాకు అప్పజెప్పింది. సరైన కారణం ఉంటే విచారణ గురువు మొక్కుల్ని విడిపించొచ్చు. మా విచారణలోకి వచ్చినోళ్ళ మొక్కులు కూడా. అందుకే నిన్ను ఇక్కడ దాకా రప్పించా."

"ఏం కారణమని విడిపిస్తారు?"

"నీ భయం. అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు."

"బిడ్డకేం కాదుగా సామీ?"

"ఏం కాదు."

"ఇప్పుడు సరే, తర్వాతన్నా?"

"తర్వాత కూడా ఏం కాదు. ఆ రోజు ఆయన బిడ్డని బతికించాడు తల్లీ. ఊరికే బతికించాడు."

ఆయన చెయ్యి ఎత్తి సిలువ గుర్తు వేసి, రెండు ముక్కలు మెల్లగా పలికాడు. అర నిమిషం కూడా పట్టలేదు. తెరేజమ్మ జిగురు చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

కాస్త తేరుకున్నాక, కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది. "మరి బదులేమన్నా చెయ్యాలా సామీ? ఉపవాసాలా? కాలినడకన యాత్రా?"

"నెల రోజులు రోజూ మీ గుడికెళ్ళి కాసేపు కూర్చో. ఏమీ అడక్కు."

"ఏమీ అడక్కుండా కూర్చుని ఏం చెయ్యను?"

"నాకూ తెలీదు. కూర్చుని చూసి, నువ్వే చెప్పు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఏడుపు మొహంతోనే నవ్వింది. మనసులో బరువు దిగితే మనిషి వయసు తగ్గినట్టు కనబడుతుంది. శౌరయ్యకి ఆ క్షణం వాళ్ళమ్మ తనకు అక్కలా కనిపించింది.

రాయప్ప స్వామి పట్టీ తీసి మడతపెట్టి, అప్పుడు శిష్యుడి వైపు తిరిగాడు.

"ఇక నువ్వు. మూడున్నరకి బస్సుంది. కావాలంటే మీ అమ్మతో ఇంటికెళ్ళు. బిషప్పుగారితో నేను మాట్లాడతా. ఆయన ఏమీ అనుకోడు, నేనసలు అనుకోను. ఎక్కడున్నా నువ్వు మా శౌరయ్యవే."

"గడువు... ఏడాది గడువు అడగమంటారా స్వామీ?"

"గడువెందుకు? మొక్కు పోయింది గదా. వెళ్ళాలంటే వెళ్ళు, ఉండాలంటే ఉండు."

"మీరేం చెప్తారు? నేనేం చెయ్యాలి?"

"నాకు నిద్రొస్తంది," అని ఆయన లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నిజంగానే పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక వినబడింది.

శౌరయ్యకి ఒళ్ళు మండిపోయింది. వద్దయ్యా ఉండిపో అని ఆయన పట్టుబడతాడనీ, తను వాదిస్తాడనీ, ఆ వాదనలో ఏదో తేలుతుందనీ ఈ రెండు రోజులూ అనుకున్నాడు. ఇలా తలుపు బార్లా తీసిపెట్టి గురక పెడతాడనుకోలేదు. అమ్మ వైపు చూశాడు. ఆవిడైనా ఏదో ఒకటి అంటుందని ఆశ.

"నీ ఇష్టం నాన్నా," అంది తెరేజమ్మ.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

మూడింటికి ఇద్దరూ రోడ్డు వైపు బయల్దేరారు. సంచి శౌరయ్య పట్టుకున్నాడు. దారికి రెండువైపులా మిరపచేలు, కల్లాల్లో ఎండబోసిన కాయల ఘాటు. తెరేజమ్మ ముందు నడుస్తూ, మిరపకాయలు ఈ ఏడు బాగా ఎరుపెక్కాయంటూ ఏవో కబుర్లు చెబుతోంది. పట్టం గురించి ఎత్తలేదు. ఎత్తకూడదని నిగ్రహించుకున్నట్టు కూడా లేదు. ఆవిడకి నిజంగానే గుర్తు లేనట్టుంది.

శౌరయ్య వెనక నడుస్తూ తన లోపల వెతుక్కున్నాడు. అమ్మ లాగడం లేదు. స్వామి తొయ్యడం లేదు. మొక్కు లేదు. వాదించడానికి ఎదుటిపక్షం కూడా లేకపోయేసరికి అరవై పేజీలూ చప్పబడిపోయాయి. ఇంత ఖాళీలో ఏం మిగిలిందా అని చూశాడు. పద్నాలుగేళ్ళప్పుడు పూజ మధ్యలో గుండె నిండిన ఆ సంగతి అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. పైన కప్పిన భయం తీసేస్తే, పీఠం ముందు నిలబడాలని ఇప్పుడూ అంతే ఇదిగా ఉంది. ఆశ్చర్యమేసింది. సంతోషం కూడా వేసింది, చాలా సంతోషం.

బస్సు వచ్చి ఆగింది. తెరేజమ్మ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చెయ్యి పెట్టి ఉంచింది. రమ్మని మాత్రం పిలవలేదు. శౌరయ్య కింద నిలబడి సంచి అందించాడు.

"అమ్మా, కొలతలు తీసుకోలేదుగా."

"ఏం కొలతలు?"

"తెల్లంగీకి."

ఆవిడ కిటికీలోంచి కొడుకు మొహం జాగ్రత్తగా చూసింది. "నా కోసమైతే వద్దు నాన్నా. నేను బాగానే ఉన్నా."

"నీ కోసం కాదు."

"దేవుడేమన్నా చేస్తాడనా?"

"కాదమ్మా. నాకు కావాలి."

తెరేజమ్మ టేపు తీసుకుని బస్సు దిగింది. వెనకనుంచి కండక్టరు కేకేశాడు. "ఏందమ్మా, ఎక్కి దిగుతున్నావు, వస్తావా రావా?"

"ఆగు నాయనా, భుజం కొలిచి వస్తా!"

రోడ్డు మీద, బస్సు నిండా జనం చూస్తుండగా, ఆవిడ కొడుకుని నిలబెట్టి భుజాలు కొలిచింది. చేతులు చాపమంది. పొడుగు చూసింది. ఛాతీ కొలిచేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఉంచింది. రాసుకునే అలవాటు ఆవిడకి లేదు. "పద్దెనిమిదిన్నర, ఇరవై నాలుగు," అని గొణుక్కుంటూ పరుగున ఎక్కేసింది. డ్రైవరు విసుక్కోకుండా నవ్వాడు.

శౌరయ్య తిరిగి వచ్చి వసారాలో కూర్చుని మూడు వాక్యాలూ రాశాడు. అయిదు నిమిషాలు పట్టింది. సంతకం చేశాడు.

రాయప్ప స్వామి నిద్రలేచి టీ తాగుతున్నాడు. ఈసారి చేతులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి కాగితం అందుకుని చదివాడు. మడిచి కవర్లో పెట్టి తిరిగిచ్చాడు.

శౌరయ్య కవరు పుచ్చుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు. సంతోషం లోపల ఆగడం లేదు. చదువుకున్న బుద్ధి కూడా ఊరుకోదు కదా.

"నాకు తేలిపోయింది స్వామీ," అన్నాడు. "నడిచేవాళ్ళదే రైటు. ఇవాళ నన్ను ఎవరూ లాగలేదు. అమ్మ వదిలేసింది, మీరు వదిలేశారు. పూర్తిగా నా ఇష్టంతో, నా కాళ్ళతో నేను నడిచొచ్చి రాశాను."

"అవును," అన్నాడు రాయప్ప స్వామి. "పూర్తిగా నీ ఇష్టమే. నేను చూశా."

ఒప్పుకోవడం ఇంత తేలికగా ఉంటుందని శౌరయ్య అనుకోలేదు.

"పొద్దున ఎందుకు రాయలేకపోయావు?" అన్నాడాయన.

"పొద్దున నాకు ఆ స్వేచ్ఛ లేదు స్వామీ."

"మధ్యాన్నానికి సంపాదించుకున్నావా?"

  రాయప్ప స్వామి ఖాళీ గ్లాసు శౌరయ్య చేతికిచ్చి, కప్పు మీద పెంకులు సర్దే మనిషి వచ్చాడేమో చూడ్డానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గుడిలో జపమాల చెప్పించడం శౌరయ్య వంతు. ముందు అతను మొదటి సగం చెప్పాలి, తర్వాత జనం రెండో సగం అందుకోవాలి. చిన్నప్పటినుంచి కొన్ని వేలసార్లు చెప్పిన జపమే. నాలుగైదు పూసలు సాఫీగా నడిచాయి. తర్వాతి పూస దగ్గర, వరప్రసాదంతో నిండినదానా అని మరియమ్మని పిలిచే చోట, సంపాదించుకున్నావా అన్న స్వామి మాట గుర్తొచ్చి అతను ఆగిపోయాడు.

జనం ఒక్క క్షణం ఆగారు. తర్వాత అతని సగం కూడా వాళ్ళే చెప్పేసి ముందుకు సాగారు. శౌరయ్య మోకాళ్ళ మీద ఉండి వింటూ పూస జరిపాడు.